నారు పోయని ఏడు

సహోదరులారా, రెండేళ్ల కిందటి వానాకాలం వరకు నేను చీకట్లో ఉన్నాను, ఆ చీకటినే వెలుగనుకొని మిర్యాలగూడలో మా వీధి వీధంతా పంచాను కూడా! ఎమ్మే చదివినదాన్ని, నోరున్నదాన్ని, నేను వాదనకు దిగితే పాస్టరుగారు కూడా దగ్గి ఊరుకునేవారు. అలాంటి నన్ను ఫోన్లో ఒక బోధకుడు పట్టుకున్నాడు. యుద్ధాలనూ భూకంపాలనూ కూడి, తీసివేసి, ఈ పంటకాలం దాటకముందే ప్రభువు వస్తాడని లెక్క తేల్చాడాయన. లేచింది మొదలు అవే వీడియోలు, పొయ్యి మీద కూర మాడేది, గుండె దడదడలాడేది, బీపీ మాత్ర మింగుతూ ఇంకొకటి చూసేదాన్ని. కోదాడ నుంచి చెల్లెలు కూతురి పెళ్లికి పిలిస్తే, "ప్రభువే వస్తుంటే ఇంకేం పెళ్లిళ్లే, దీపాల్లో నూనె ఉందో లేదో చూసుకోన్రి" అని ఫోన్ పెట్టేశాను. నా మాటలకు ఎవరైనా భయపడితే లోలోపల సంతోషంగా ఉండేది, సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను.

వేములపల్లి దగ్గర మాకు రెండెకరాలుంది. మా ఆయన బియ్యం మిల్లులో గుమాస్తా, సాగు సంగతి నాదే. ఏటా బోరు నీళ్లతో నారు పోసి, కాలువకు నీళ్లు వదిలేనాటికి సిద్ధంగా ఉంచేదాన్ని. నాట్లు వేసేది మరియమ్మ గుంపు, పదకొండు మంది ఆడవాళ్లు, అందరూ మన సంఘం వాళ్లే. ఆ ఏడు మరియమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది.

"అమ్మా, ఇంక నారు పొయ్యలే?"

"పోస్తే కోసేదెవరు మరియమ్మా? ప్రభువొస్తున్నడు."

"వస్తే మంచిదే గదా. మడిల వంగినోళ్లను గుర్తుపట్టడా ఏంది? చర్చిల కూసున్నోళ్లనే తీస్కపోతడా?"

"వాక్యం నాకే చెప్తున్నవా?" అన్నాను.

"మీరు సదువుకున్నోళ్లు, నేనేం చెప్త. మీ పొలం ఉన్నదని ఇంకొకళ్లకు మాటియ్యలే మేము. జర అది యాది పెట్టుకోన్రి" అని కొంగు దులుపుకొని వెళ్లిపోయింది.

ఆమెను ఓడించాలనే, దేవునికి స్తోత్రం, ఓడించాలనే వాక్యం తెరిచాను! తొలి సంఘంవాళ్లు ప్రభువు రేపో మాపో వస్తాడని నాకంటే గట్టిగా నమ్మినవాళ్లు కదా, నా పక్షాన సాక్ష్యం చెప్తారనుకున్నాను. తీరా చూస్తే, పనులు మానేసి ఎదురుచూస్తూ ఊళ్లో మాటలు మోసేవాళ్లు ఆనాడూ ఉన్నారు, వాళ్లకు ఉత్తరం రాసిన అపొస్తలుడు పేర్లెత్తకుండా నన్నే తిట్టినట్టు తిట్టాడు! మీ చేతులతో పనిచేసుకొని తినండి అన్నాడు. గడువు దగ్గరపడిందనే గదా ఆ తొలి సంఘం పెద్దలు కోపాన్ని పొద్దుగూకేదాకా ఉంచుకోవద్దన్నారు, కీడుకు కీడు చేయొద్దన్నారు, ఉన్న రొట్టె పంచుకోమన్నారు. ప్రభువు ఆలస్యం చేసినా ఆ బోధ పాచిపోలేదు, ఎందుకంటే అది ఏ రోజుకారోజు చేయదగ్గ బోధ. గడువు తక్కువని నేను పని మానేశాను, వాళ్లు పగ మానేశారు. వంటింట్లోనే మోకరించాను.

"ప్రభువా, నీవు వస్తావన్నది నిజమే. కానీ నేను ఎదురుచూసింది నీ కోసం కాదు, నా మాట గెలిచే రోజు కోసం. నన్ను క్షమించు. నాకు నా పని మళ్లీ ఇయ్యి."

ఆ రోజే ఆ బోధకుణ్ణి ఫోన్లోంచి తీసేశాను, మళ్లీ చూడాలనిపించలేదు. దేవునికే మహిమ! కోదాడ పోయి చెల్లెలి చేతులు పట్టుకున్నాను, పెళ్లిలో వడ్డన చేశాను. కానీ అప్పటికే కాలువ నీళ్లొచ్చాయి, నా దగ్గర నారు లేదు. మరియమ్మ ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను.

"ఏందమ్మా, ప్రభువు వాయిదా ఏస్కున్నడా?" అని నవ్వింది. నా మీది ఎగతాళికి జన్మలో మొదటిసారి నేనూ నవ్వాను.

ఆ వారమంతా ఆ పదకొండు మంది ఎవరి పొలంలో నాటితే వాళ్లను మిగిలిన నారు అడిగి, కట్టలు కట్టి, నా గట్టు మీద దించారు! ముదురు నారు, నాలుగు రకాలది. నా మూలంగా కూలి పోగొట్టుకున్నవాళ్లు నా పొలానికి నారు అడుక్కొచ్చారు, ఇది కృప కాకపోతే ఇంకేమిటో చెప్పండి! నేనూ చీర ఎగ్గట్టి మడిలో దిగాను, దిగి ముందుకు నడవబోయాను.

"అమ్మో, నాటింది తొక్కుతున్నరు! ఎనక్కి నడవాలె, ఎనక్కి!" అని అందరూ ఒకటే నవ్వు.

పంట తగ్గింది, ఒక మూల పొట్టిగా, ఒక మూల పొడుగ్గా పండింది. అయినా కోశాం, సంఘానికి మొదటి బస్తా ఇచ్చాం.

ప్రియులారా, ఆయన రాక గురించి భయపడి పండుకున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, రండి, ఆయనను నమ్మండి, లేచి మీ పనిలో దిగండి. నాటేవాళ్లు వెనక్కి నడుస్తారు, గట్టు ఎంత దూరముందో వాళ్లకు కనపడదు. కనపడేదల్లా చేతిలో నారు, కళ్లముందు నాటిన మడి. గట్టు వచ్చినప్పుడు మడమకు తగులుతుంది, అప్పుడు నడుమెత్తి చూడొచ్చు. అంతవరకు నన్ను వంగనిస్తున్న నా దేవునికి వందనాలు.