సుబ్రహ్మణ్యం గారింటి వర్షపాతం

సుబ్రహ్మణ్యం గారింట్లో పైకప్పు కారితే కారిందనకూడదు. వర్షపాతం నమోదయిందనాలి.

ఆయనకున్న పిచ్చి ఇదొక్కటే. కాకపోతే అది ఇల్లంతా ఉంది. బహదూర్‌పురాలో ఒక గల్లీ చివర పాతకాలపు డంగుసున్నం మిద్దె వారిది. ముందుగదిలో పడమటి గోడ కొంకణ తీరం. దానికి కాస్త ఎడంగా నిలబెట్టిన ఇనుప బీరువా పడమటి కనుమలు. బీరువాకు అవతల చుక్కలు పడతాయి, ఇవతల పొడి. కాబట్టి ఇవతలిది దక్కన్ పీఠభూమి. మెట్ల కింద చిరపుంజి. చెమట తప్ప నీటిచుక్క ఎరగని వంటిల్లు థార్ ఎడారి. తెల్లవారుజామున జూపార్కు నుంచి సింహం అరుపు వినబడుతుంది కనుక దొడ్డివైపు గుజరాత్.

థార్ ఎడారిలో వండి, చిరపుంజిలో బకెట్లు మార్చి, కొంకణ తీరాన్ని వంగి తుడిచి తుడిచి ఆయన భార్య సులోచన గారి నడుము ఏనాడో చేతులెత్తేసింది.

"ఏమండీ, బకెట్ నిండింది!"

"ఎక్కడ?"

"మెట్ల కింద."

"మెట్ల కింద అంటే నాకేం అర్థమవుతుంది సులోచనా?"

"అయ్యో రామా... చిరపుంజిల!"

"ఆఁ, అట్ల చెప్పు. వస్తున్నా."

ఈ పిచ్చి ఊరికే రాలేదు. కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీ డిస్పాచ్ సెక్షన్లో ఆయన ముప్పై ఏళ్లు పనిచేశారు. ఏ ఊరికి పోయే పెట్టె అయినా ఆ ఊరి గాలిని బట్టి కట్టాలి. విశాఖ పెట్టెకు ఉప్పుగాలి తగలకుండా గ్రీజు, అస్సాం పెట్టెలో చెమ్మ పీల్చే పొట్లాలు, జోధ్‌పూర్ పెట్టెకు దుమ్ము దూరకుండా రెండు వరసల టేపు. దేశమంతా ఆయన చేతిమీదుగానే పోయింది. ఆయన మాత్రం యాదగిరిగుట్ట దాటలేదు.

రిటైరయ్యాక కట్టడానికి పెట్టెలు లేక మనుషుల మీద పడ్డారు. కొత్తమనిషి కనబడితే పేరు కంటే ముందు "మీ దిక్కు వాన ఎప్పుడు మొదలయితది?" అని అడిగేవారు. అస్సాం నుంచి వచ్చిన అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కు వాజ్‌లిన్ డబ్బా కొనిచ్చి, "మీది చెమ్మగాలి ఒళ్లు. మా ఎండకు పగులుతది. పొద్దూ మాపూ రాసుకో" అని చెప్పి వచ్చారు. సులోచన గారు ఇటువంటివి చూసీచూడనట్టు ఊరుకునేవారు. ఎన్నని చూస్తారు?

అసలు గొడవ రెండేళ్ల నుంచి మొదలయింది. వానాకాలంలో కారడం ఏ మిద్దెకైనా ఉన్నదే. ఈ ఇల్లు ఎండాకాలంలో కూడా కారసాగింది.

ఒకసారి మార్చి నెలలో కొడుకు సంకేత్ మామగారు వైకుంఠం గారు ఖమ్మం నుంచి వచ్చారు. చాయ్ కప్పు నోటిదాకా వచ్చేసరికి బట్టతల మీద టప్పుమని ఒక చుక్క పడింది. ఆయన పైకి చూశారు. రెండోది కంట్లో పడింది.

"మీరు తీరప్రాంతంలో కూర్చున్నారు బావగారూ. కనుమలు దాటి ఇటు వచ్చేయండి" అన్నారు సుబ్రహ్మణ్యం గారు ఎంతో మర్యాదగా.

"మార్చిలో వానేంటి బావగారూ? బయట నిప్పులు చెరుగుతుంటే!"

"మామిడి జల్లులు."

వైకుంఠం గారు వియ్యపురాలి వైపు చూశారు. సులోచన గారు గోడమీది క్యాలెండర్ వైపు చూశారు. వైకుంఠం గారు కుర్చీ ఎత్తుకుని పడమటి కనుమలు దాటారు.

నవంబరులో కారితే ఈశాన్య రుతుపవనాలు. ఏప్రిల్లో కారితే బెంగాల్ వైపు గాలివాన దారితప్పి వచ్చింది. జనవరిలో కారితే పశ్చిమ అలజడులు, అంటే మధ్యధరా సముద్రం దగ్గర పుట్టి, పంజాబ్ గోధుమలను తడిపి, మిగిలింది మోసుకుని బహదూర్‌పురాకు వచ్చినవి. కారిన ప్రతిసారీ ఆయన గొడుగు తీసుకుని, "మబ్బులు చూసొస్తా" అని మేడ ఎక్కేవారు. కాసేపటికి ప్యాంటు అంచులు తడుపుకుని దిగేవారు.

"ఎండ కొడుతుంటే ప్యాంటెట్ల తడిసిందండీ?"

"మబ్బు బాగా కిందికి దిగింది."

మేడమీద ఒకే గది. అందులో సత్తెమ్మ అద్దెకుంటుంది. ఒకప్పుడు నాలుగు బర్రెలతో ఈ గల్లీ మొత్తానికి పాలు పోసిన మనిషి. వెనకాముందు ఎవరూ లేరు. నోరు మాత్రం ఉంది. గల్లీలో ఎవరింటి ముందు నీళ్లు పారినా మేడమీద నుంచి అందుకునేది: "ఏయ్, గా నల్లా బంద్ చెయ్యున్రి! మీ తాత తవ్విన బాయిలకెళ్లి వస్తున్నయా నీళ్లు? పాలల్ల నీళ్లు కలపలే, నీళ్లు నేలపాలు చెయ్యలే ఈ సత్తెమ్మ. యాది పెట్టుకోన్రి!"

ఈ జనవరిలో ఒక పొద్దున కొంకణంలో మళ్లీ కురిసింది. సులోచన గారు నిట్టూర్చి గుడ్డ అందుకున్నారు. వాకిట్లో నల్లా వచ్చి అప్పటికే గంటయింది, ఇంకా బుసబుసమంటూనే ఉంది. ఆమె చేయి ఆగింది. వారి గల్లీకి నీళ్లు వచ్చేది రోజు విడిచి రోజు. మొన్న కారింది. నిన్న కారలేదు. ఇవాళ కారుతోంది. అంతకుముందూ అంతే.

'మధ్యధరా సముద్రానికి మా నల్లా టైం ఎట్ల తెలిసింది?' అనుకున్నారు.

గొడుగు మేడ ఎక్కింది. వెనకే చప్పుడు కాకుండా ఆమె కూడా ఎక్కారు. సగం మెట్ల మీద ఆగి తల మాత్రం ఎత్తి చూశారు.

సత్తెమ్మ ఎండలో అటు తిరిగి కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది. వెనక ఆమె డ్రమ్ము నిండి పొర్లుతోంది. గచ్చంతా నీళ్లు. సుబ్రహ్మణ్యం గారు పిల్లిలా వెళ్లి నల్లా కట్టేసి, గోనెసంచి పరిచి, కాళ్లతో గచ్చు ఒత్తుతున్నారు. ఇంతలో సత్తెమ్మ తిరిగింది.

"మళ్లొచ్చినవా పంతులూ! ఎండల గొడుగేంది?"

"పడమటి దిక్కు కొంచెం తేడాగా ఉంది సత్తెమ్మా."

"నీ తలకాయల ఉన్నది తేడా. పాపం సులోచనమ్మ ఎట్ల ఏగుతున్నదో ఏమో!" అని నవ్వి, తడిగచ్చు చూసి ఆగింది. "నిజం చెప్పు పంతులూ. నేను గిట్ల మర్చిపోయి నల్లా ఇడిస్తున్ననా? ఈ నడుమ నాకు యాది ఉంటలేదు. నావల్ల మీ ఇంట్ల ఒక్క చుక్క కారిందంటే పొద్దుగూకకముందే మూట కట్టుకుంట."

"ఎక్కడికి పోతవు?"

"ఎక్కడికో. బర్రెలను అమ్మినప్పుడు అవి అడిగినయా, ఎక్కడికి పోతున్నమని?"

సుబ్రహ్మణ్యం గారు గొడుగు ముడిచారు. "నీ నీళ్లు కావు సత్తెమ్మా. అవి మధ్యధరా సముద్రంవి."

"అదెక్కడ?"

"పడమట. చాలా దూరం."

"దూరమైతే మంచిదే" అని సత్తెమ్మ మళ్లీ చేటలోకి వంగింది.

సులోచన గారు దిగివచ్చి కొంకణ తీరం తుడిచారు. రెండేళ్ల చాకిరీ గుర్తొచ్చి ఒళ్లు మండింది. తిడదామంటే ఎవరిని తిట్టాలో తేలలేదు. గుడ్డను మాత్రం గట్టిగా పిండారు.

ఆ ఆదివారమే సంకేత్ మేస్త్రీ అంజన్‌ను వెంటబెట్టుకొచ్చాడు. చుక్క పడి కొత్త టీవీ కాలిపోయింది మరి. "నాన్నా, ఇవాళ మీ గాలులు బంద్. అసలు ఎక్కడ కారుతుందో తేల్చాల్సిందే" అన్నాడు. మేస్త్రీ వచ్చాడని తెలిసి సత్తెమ్మ కూడా దిగివచ్చి, పని సరిగా చేస్తాడో లేదో చూడ్డానికి నడుం మీద చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

అంజన్ స్టూలెక్కి కప్పును సుత్తితో తట్టాడు. "సంకేతన్నా, ఇది వాన నీళ్లు కాదు. వాననీళ్లయితే నాలుగు దిక్కుల దిగుతయి. ఇది ఒక్కతాన్నే కారుతుంది. పైన డ్రమ్ము గిట్ల ఉన్నదా?"

"డ్రమ్మా?" సత్తెమ్మ చేతులు నడుం మీంచి జారాయి. "నా డ్రమ్మా?"

సుబ్రహ్మణ్యం గారు నోరు తెరిచారు. దేశమంతటికీ పెట్టెలు కట్టిన మనిషికి ఆ క్షణాన ఒక్క మాట కట్టడానికి చేతకాలేదు.

"ఓ అంజన్, నీకు తెల్వదు గాని దిగు" అన్నారు సులోచన గారు. "ఇవి పశ్చిమ అలజడులు."

"ఏందమ్మా?"

"పశ్చిమ అలజడులు. మధ్యధరా సముద్రంకెళ్లి వస్తయి. పంజాబ్‌ల గోధుమలకు పడంగ మిగిలినవి మనింట్ల పడుతయి. ప్రతి జనవరిల ఉన్నదే ఈ లొల్లి."

సంకేత్ గుడ్లు తేలేశాడు. "అమ్మా, నువ్వు కూడానా!"

"అయ్యో అయ్యో!" సత్తెమ్మ బుగ్గలు నొక్కుకుంది. ముఖం మాత్రం తేటపడింది. "ఈమెకు కూడా అంటుకున్నదే!"

సులోచన గారు అంజన్‌ను చాయ్‌కని థార్ ఎడారిలోకి పిలిచి, గొంతు తగ్గించి ఏదో చెప్పారు. బయటికి వచ్చి, "సత్తెమ్మా, డ్రమ్ము నిండంగనే నల్లా దానంతట అదే బందయ్యే బంతి ఒకటి వచ్చిందట. నీళ్లు నేలపాలు చేసేటోళ్ల కోసం. నీకు అవసరం లేదనుకో. కానీ ముందు నీ దగ్గర పెడితే గల్లీ అంతా చూసి నేర్చుకుంటది" అన్నారు.

"మస్తు చెప్పినవ్! ముందు నాకే పెట్టు. అప్పుడొస్తది వీళ్లకు బుద్ధి!"

సుబ్రహ్మణ్యం గారు భార్య వైపు చూశారు. ఆమె టీవీ మీది దుమ్ము తుడుస్తున్నారు. కాలిపోయిన టీవీకి దుమ్మెందుకు తుడవాలో ఆమెకే తెలియాలి.

ఆ తర్వాత నల్లా రోజున ఒక్క చుక్క పడలేదు. సుబ్రహ్మణ్యం గారు కొంకణ తీరంలో కాసేపు తచ్చాడి, గోడ తడిమి చూసి, చివరికి దక్కన్ పీఠభూమికి వచ్చి కూలబడ్డారు.

"అనావృష్టి" అన్నారు దిగులుగా.

సులోచన గారు లోపలికి వెళ్లి వచ్చారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో పళ్లెంలో రెండు గ్లాసుల చాయ్.

"నల్లానైతే బంతి చూసుకుంటది. మనిషిని ఎవరు చూసుకుంటరు? పోండి, మబ్బులు ఎట్లున్నయో చూసి రండి" అన్నారు.

ఆయన గొడుగు చంకన పెట్టుకుని, చాయ్ పళ్లెం అందుకుని లేచారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు మేడదాకా పోయింది. పైనుంచి వెంటనే గల్లీ అంతా వినబడేలా కేక:

"మళ్లొచ్చినవా పంతులూ! ఎండల గొడుగేంది?"