చింతపండుతో తోమిన రోము నాణెం

నాలుగేళ్ల క్రితం మాచర్ల మీదుగా నాగార్జునకొండ వెళ్లినప్పుడు మ్యూజియంలో అద్దం వెనక ఒక రోము నాణెం చూశాను. ఎక్కడి రోము, ఎక్కడి మన కృష్ణ ఒడ్డు అనుకుంటూ తిరుగు పడవ ఎక్కాను గానీ మనసు అక్కడే ఉండిపోయింది. అప్పటినుంచి ఒకటీ అరా కొని దాచుకుంటున్నాను. అవన్నీ ఏ దేశపు మట్టిలోనో దొరికి చేతులు మారి వచ్చినవే. మన పల్నాటి మట్టిలో దొరికినదాన్ని ఒక్కసారి అరచేతిలో పెట్టుకోవాలని నా కోరిక. పోయిన కార్తీకంలో కోటప్పకొండ అన్నదానం వరుసలో పరిచయమైన సుబ్బులు ఈమధ్య ఒక ఫోటో పంపింది. వాళ్ల మామగారికి దుక్కిలో దొరికిన రాగి బిళ్ళ, ఇప్పుడు దేవుడి గూట్లో ఉందట. పచ్చటి చిలుములో పక్కకు తిరిగిన మగమనిషి మొహం, తలకు పట్టీ, వెనక వేలాడే ముడి. నా దగ్గరున్న రోము నాణెం మీదా ఇలాంటి ముడే. "దాని మీద రాజు బొమ్మ ఉందమ్మా. ఆదివారం వస్తాను, చూపించు" అని ఫోన్ చేశాను.

పూజ చేసుకుని ఏడింటికి నరసరావుపేటలో వినుకొండ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. వినుకొండలో ఇడ్లీ తిని ఈపూరు వైపు షేర్ ఆటో పట్టుకున్నాను, ముప్పై రూపాయలు. కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటుకు తుమ్ములు ఆగలేదు. ఎందుకు వెళ్తున్నానో విని డ్రైవర్ నవ్వాడు.

"పాత బిళ్ళ కోసం ఇంత దూరమా? ఈ ఆటో కూడా చానా పాతదేనమ్మా. దీన్ని చూట్టానికి ఒక్కరూ రారేంది?"

సుబ్బులు కాళ్లకు నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, ఇత్తడి పళ్లెంలో పువ్వు పక్కన నాణెం పెట్టి తెచ్చింది. కొత్త రాగి చెంబులా తళతళలాడుతోంది.

"నిన్న మాపటేల నుంచి దాంతోనే కుస్తీ పట్టిందండీ. చింతపండు, ఇటుకపొడి, మళ్లీ చింతపండు. నా బువ్వ సంగతే మర్చిపోయింది" అన్నాడు వాళ్లాయన.

"నువ్వూరుకో. అక్క అంత దూరం నుంచి వస్తంటే చిలుం పట్టిన బిళ్ళ చేతిలో పెట్టమంటావా?"

చేతిలోకి తీసుకున్నాను. ఆ మొహం ఇన్నాళ్లూ నిలిచింది ఆ చిలుములోనే. దాంతోపాటే పోయింది. వెలుతురుకు తిప్పి చూస్తే ముడి కొస ఒక్కటి కనబడింది.

"ఫోటోలో కంటే బాగుంది కదక్కా?"

"మెరుస్తోందమ్మా" అన్నాను.

"రాజు బొమ్మ ఉందన్నావుగా, ఏదీ?"

ఆమె వేలు పట్టుకుని ఆ కొస మీద పెట్టాను. "ఇదిగో, ఆయన తలకు కట్టిన పట్టీ ముడి."

సుబ్బులు నాణేన్ని కళ్లకద్దుకుని తిరిగి గూట్లో పెట్టింది. గోంగూరతో అన్నం పెట్టింది. కడుపు నిండినా తిరుగు బస్సులో ఏదో వెలితి.

నిజం చెప్పాల్సిందా అని ఇప్పటికీ అనుకుంటాను. పండగ ముందురోజు పూజ సామాను తోమినంత శ్రద్ధగా తోమిందామె. మా ఇంట్లో నేనూ అలాగే తోముతాను. నేను వస్తానని చెప్పకపోతే ఆ మొహం ఈరోజుకీ ఆ గూట్లో దీపం వెలుగు చూస్తూ ఉండేది. మీరు ఎవరింటికైనా పాత నాణెం చూడటానికి వెళ్తుంటే, వస్తున్నామని చెప్పేముందే "తోమొద్దు, ఉన్నదున్నట్టే ఉంచండి" అనండి. చుట్టం వస్తోందంటే మనవాళ్లు దేన్నీ తోమకుండా ఉంచరు.