నా పుండు మీద మా మిల్లు మడ్డి

పంతొమ్మిది వందల అరవైల్లో బోధన్ వైపు ఒక చక్కెర మిల్లులో పాకం కాచేవాణ్ణి. కాలికి రేకు కోసుకుంది. తేనె రాస్తే చీము పట్టదని అవ్వ చెబితే, సంతలో సీసా కొని వారం రాశాను. కాలు మోకాలి దాకా వాచింది.

అవ్వ కట్టు విప్పి వాసన చూసింది. "గిది తేనె గాదురా, నీ అంగి వాసనే కొడ్తున్నది!"

చక్కెర తీయగా మిగిలిన మడ్డి అది! రోజూ ఆ వాసనలోనే బతికే నా ముక్కు పసిగట్టలేదు.

కుంటుతూ పోయి అమ్మినవాణ్ణి నిలదీశాను.

"తియ్యగనే ఉన్నది గదనే అన్నా, ఇంకేం గావాలె?"

"అయితే నాకి సూడు!" అంటూ పుండు కాలు వాడి గంప మీద పెట్టాను. జనం నవ్వారు, వాడు పరుగో పరుగు.

నెల రోజులు ఆసుపత్రిలో పడుకుంటే కాలు దక్కింది. నాలుకను మోసం చేస్తే నవ్వి ఊరుకునేవాణ్ణి. పుండును మోసం చేసినవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.