గంగయ్య అల్లుడి వాయిదాలు

కోరంగి దగ్గర పల్లెకారుల పేటలో గంగయ్య వల విసిరితే గాలిలో పువ్వులా విచ్చుకుంటుందనేవారు. మగపిల్లలు లేక, కూతురు అచ్చాయమ్మకి పల్లంరాజుని ఇల్లరికం తెచ్చుకున్నాడు. అతను పుట్టింది మొగల్తూరులో. కొన్నాళ్ళు యానాంలో మేనమామ దగ్గర చేపలు పట్టాడు. అందుకని పేటంతా వేళాకోళంగా "యానామోడా" అని పిలిచేది. ఇల్లరికం వచ్చినవాడు ఎన్నేళ్ళున్నా వాళ్ళకి పొరుగూరివాడే.

ఓ పొద్దున ఒడ్డున చేపలు పంచుతుంటే పల్లంరాజు అడిగాడు.

"మావా, నాకూ ఓ వాటా వెయ్యవా?"

"అన్నం పెడుతున్నాం, చాలదేంట్రా?"

"ఆ అన్నంలో పులుసు నా చేపదే గదా మావా!"

ఒడ్డంతా నవ్వింది. ఆ నవ్వు గంగయ్య గొంతులో ముల్లులా దిగింది.

ఆ మధ్యాహ్నమే పోలీసు జమేదారు వచ్చాడు. ఫ్రెంచివాళ్ళ యానాం నుంచి దొంగ ఉప్పు వస్తోందట. అక్కడి మనుషుల్ని ఏటి అవతలికి తోలెయ్యమని సర్కారు హుకుం. జమేదారు పల్లంరాజుకేసి చూపించి, "వీడు మీవాడేనా?" అన్నాడు.

"కాదండి. యానాంవాడండి," అన్నాడు గంగయ్య.

ఒక రాత్రి బెదిరించి వదిలేస్తారనుకున్నాడు. కానీ జమేదారు పల్లంరాజుని ఏరు దాటించేశాడు. అవతలి ఒడ్డున ఎవరో అతన్ని చెరుకుతోటల కూలికని దూరదీవికి వెళ్ళే ఓడెక్కించారు.

అచ్చాయమ్మ రాజమండ్రిలో కోర్టుకెక్కింది. పల్లంరాజు తమ ఊళ్ళో పుట్టినవాడేనని మొగల్తూరు పెద్దలు సాక్ష్యం చెప్పారు. అతన్ని వెళ్ళగొట్టడం తప్పనీ, వెనక్కి తీసుకురావాలనీ జడ్జిగారు సర్కారుని ఆదేశించారు. తెచ్చేదాకా ప్రతి వాయిదాకీ వచ్చి ఏం చేశారో చెప్పమన్నారు.

ప్రతి వాయిదాకీ తండ్రీ కూతుళ్ళు కాలవ పడవలో వెళ్ళేవారు. ధవళేశ్వరం లాకు తలుపుల మధ్య నీళ్ళు నిండేదాకా పడవ ఆగేది. గంగయ్య లోపల కూడా ఏదో అలాగే నిండేది. తలుపు మాత్రం తెరుచుకునేది కాదు. చద్దిమూట విప్పి కూతురు ముద్ద చేతిలో పెడితే, తినకుండా నీళ్ళలో చేపలకి వేసేసేవాడు.

"ఉత్తరం రాశామండి," అనేవాడు సర్కారు వకీలు.

"ఉత్తరం సరే, మనిషేడి?" అనేవారు జడ్జిగారు.

బంట్రోతు గుమ్మంలో నిలబడి పల్లంరాజు పేరు మూడుసార్లు పిలిచేవాడు. మూడో పిలుపు వరండా దాటి గోదారి గాలిలో కలిసేసరికి గంగయ్య తల మోకాళ్ళ మీదికి వాలిపోయేది.

చివరికి వకీలు కొత్త సాకు తెచ్చాడు. "ఆ దీవిలో మనవాళ్ళు వేలమందున్నారండి. ఇతన్ని గుర్తుపట్టేదెవరు?"

"గుర్తుపట్టే మనిషిని మీ ఖర్చుతోనే పంపండి," అన్నారు జడ్జిగారు. "వచ్చే వాయిదాకి ఓడ పేరు చెప్పాలి."

గంగయ్య లేచాడు. "నేనెళ్తానండి బాబూ."

"నువ్వెళ్తే ఆయన రాడు నాన్నా." అచ్చాయమ్మ గొంతులో కోపం లేదు. "జమేదారు అడిగినప్పుడు నేను దడి వెనకాలే ఉన్నాను."

తరవాత జడ్జిగారికి దణ్ణం పెట్టి, "నేనెళ్తానండి," అంది.

కాకినాడ తీరానికి దూరంగా లంగరేసిన ఓడ దాకా గంగయ్యే ఆమెని తన పడవలో తీసుకెళ్ళాడు. ఆమె నిచ్చెన అందుకోబోతుంటే అడిగాడు.

"వాడొచ్చాక నేను ఆ ఇంట్లో ఉండాలా, వద్దా? వాణ్ణి కనుక్కో అమ్మా."

"అది ఆయనొచ్చాక నువ్వే అడుగు," అని ఆమె పైకెక్కింది.

అలలు పడవని ఓడకి దూరంగా తోస్తున్నాయి. గంగయ్య తెడ్డు ముట్టుకోలేదు.