గుడివాడలో యూరప్ రిహార్సల్

ఈ మధ్య నేను చర్చికి పక్క గుమ్మంలోంచి వెళ్ళి, చివరి బెంచీలో స్తంభం చాటున కూర్చుంటున్నాను. పెద్ద గుమ్మంలోంచి వెళితే ఎవరో ఒకరు ఆపి, "ఏమండీ, కవుతరం ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. అడిగేటప్పుడు ఒక్కరూ నవ్వరు. అదే నాకు ఎక్కువ బాధ. ఆ నోటా ఈ నోటా వినేకంటే నా నోటితోనే వినండి. మిగిలిన మర్యాద ఏమైనా ఉంటే అదైనా దక్కుతుంది.

మా ఆవిడ పేరు లూర్దమ్మ. ఫ్రాన్సులో లూర్దు అనే ఊరు ఉందనీ, అక్కడ మరియతల్లి కనిపించిన గుహ ఉందనీ, తన పేరు ఆ ఊరిదేననీ వాళ్ళమ్మ చెబితే చిన్నప్పుడే మనసులో పెట్టుకుంది. ఆ గుహను పోలిన గుహ ఉన్న మా విజయవాడ గుణదల కొండ ఎక్కిన ప్రతిసారీ, "ఇది చూశాం, అసలుది ఎప్పుడు చూస్తామో" అనేది. "చూద్దాం" అనేవాణ్ణి. నేను ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేశాను. ఆఫీసులో ఆ మాటకు మించిన మాట లేదు. ఎంత పెద్ద ఫైలైనా దాని కింద నిద్రపోతుంది. లూర్దమ్మ మాత్రం నిద్రపోలేదు.

ఈ ఏడాది మా చర్చి తరఫున ఒక గ్రూపు లూర్దుకూ రోముకూ వెళుతోంది. నడిపించేది ఇన్నాసమ్మ టీచర్‌గారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైనా ఆవిడకు ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. ఊరంతా బస్సులోనే తిప్పుతారట, సాంబారు అన్నం కూడా పెడతారట. లూర్దమ్మకు మనసైంది. నాకు కాలేదు. అన్ని దేశాలు దాటి వెళ్ళి, బస్సు అద్దంలోంచి చూసి, పిలిచినప్పుడు ఎక్కి, దించినప్పుడు దిగడమా? "నేను తీసుకెళతాను, రైళ్ళలో. పారిస్‌లో విమానం దిగుదాం. రైల్లో లూర్దు. అక్కణ్ణుంచి రైళ్ళు మారుతూ, సముద్రం పక్కనే ఇటలీలోకి. చివరికి రోము" అన్నాను.

ఈ ధైర్యం నాకు ఫోన్లో వీడియోలు చూడగా వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే, గుంటూరులో బి.ఏ. చదివేటప్పుడు మాకు జాగ్రఫీ చెప్పిన మాస్టారి వల్ల వచ్చింది. ఆయన మా వైపే చూస్తూ, చెయ్యి వెనక్కి పెట్టి, బోర్డు మీద యూరప్ మ్యాపు గీసేవారు. ఇటలీ బూటు మడమ కూడా తప్పేది కాదు. పాపం, ఆయన రేపల్లె దాటి వెళ్ళలేదు. అది వేరే కథ.

మాతోపాటు మా బావమరిది చిన్నప్ప కూడా వస్తానన్నాడు. కరెంటు ఆఫీసులో రిటైరయ్యాడు. భార్య పోయినప్పటినుంచీ మా పక్క వాటాలోనే ఉంటున్నాడు. మంచివాడే. నేను ఏం చెప్పినా, "అట్లాగే బావగారూ" అంటాడు. ఆ అనడంలోనే ఏదో ఉంటుంది.

ఒకరోజు లూర్దమ్మ నన్ను కూర్చోబెట్టి, ఆదివారం పూజ అయ్యాక గ్రూపుకి పేర్లు తీసుకోవడం ఆపేస్తారట అని చెప్పింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఒక్కసారే వెళతానండీ నేను. మళ్ళీ వెళ్ళలేను. మీతో రానా, టీచర్‌గారికి పేరు ఇచ్చేయనా?"

అట్లా అడిగితే నాకు రోషం వచ్చింది. చెప్పడం కాదు, చూపిస్తానన్నాను. శనివారం రిహార్సల్ పెట్టాను.

అవునండీ, రిహార్సల్. నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి, ముందు ముందు తీరిక దొరకదు. ఆ దేశాల్లో రైలు మారడమే అసలు కష్టం. మన విజయవాడ స్టేషన్లో రైలు ఆగితే, దిగి ఇడ్లీ తిని, నీళ్ళు పట్టుకుని, తెలిసినవాళ్ళని పలకరించి, మళ్ళీ ఎక్కవచ్చు. మన ప్రాణానికి అదే అలవాటు. అక్కడ రెండు నిమిషాలు ఆగుతుంది, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. కాబట్టి సామానుతో సహా దిగడం, రెండో రైలు పట్టుకోవడం ప్రాక్టీసు చెయ్యాలి. విజయవాడ పారిస్ అనుకున్నాం. బందరు వెళ్ళే పాసింజరు ఎక్కి గుడివాడలో దిగాలి. అక్కడ భీమవరం వైపు రైలు మారి కైకలూరు చేరాలి. కైకలూరు లూర్దు. అక్కడ కొల్లేటి చేపల పులుసుతో భోజనం చేసి తిరిగి రావాలి. లూర్దులో చేపల పులుసు ఏమిటి బావగారూ అని చిన్నప్ప సందేహం. పట్టించుకోలేదు.

రైళ్ళ ప్లానంతా ఒక నోట్‌బుక్‌లో రాసి, రూల్సు కూడా నేనే పెట్టాను. పారిస్‌లో జేబుదొంగలు ఎక్కువని ప్రతి వీడియోలోనూ చెప్పారు. కాబట్టి పర్సులూ టికెట్లూ అన్నీ లీడర్ నడుముకి కట్టుకున్న సంచిలో ఉండాలి. ఫోన్లు చూస్తూ కూర్చుంటే స్టేషన్ బోర్డులు చదవరు కాబట్టి ఫోన్లు కూడా అందులోనే. ఎవరైనా తప్పిపోతే, తప్పిపోయిన మనిషి తర్వాతి స్టేషన్లో దిగి కదలకుండా ఉండాలి, మిగతావాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. అందరూ దిగాక లీడర్ చివరన దిగాలి. లీడర్ ఎవరో చెప్పక్కర్లేదుగా.

శనివారం పొద్దున్నే రెండు పెద్ద సూట్‌కేసులు ఈడ్చుకుంటూ బయల్దేరాం. బరువు కోసం వాటినిండా పాత దుప్పట్లూ, లూర్దమ్మ ఇనప రోకలీ పెట్టాను. గవర్నర్‌పేటలో ఆటో ఎక్కుతుంటే ఎదురింటాయన ఎక్కడికండీ అన్నాడు. "యూరప్" అన్నాడు చిన్నప్ప.

రైల్లో నా ఎదురు సీట్లో ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. బందరు వెళుతున్నాడు. సూట్‌కేసులు చూసి ఎంతదూరమండీ అని మర్యాదగా అడిగాడు. ఒక మనిషి అట్లా అడిగితే ఏం చెయ్యాలి? చెప్పాను. మొదటినుంచీ చెప్పాను. ఉప్పులూరు, ఇందుపల్లి దాటాయి. నేను ఫ్రాన్సు దాటలేదు. ఆయన కూడా మంచి శ్రోత. మధ్య మధ్యలో "ఆహా" అనేవాడు.

గుడివాడ వచ్చింది. లూర్దమ్మ లేచి, "ఏవండీ, దిగుదాం" అంది. మీరు దిగండి, లీడర్ చివరన అని గుర్తుచేశాను. ఇద్దరూ సూట్‌కేసులు దించుకున్నారు. చక్కగా, నేర్పినట్టే దిగారు. నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చట ఎదుటాయనకు కూడా చెబుదామని అటు తిరిగాను.

"చూశారా, ఇదీ పద్ధతి. అక్కడి రైలు మనకోసం ఆగదండీ. మనం కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే దాని దారిన అది పోతుంది."

"ఆహా. మీరు గుడివాడలో దిగాలన్నారు కదండీ?"

"అవునండీ."

"రైలు గుడివాడ దాటుతోందండీ."

కిటికీలోంచి చూశాను. ప్లాట్‌ఫారం చివర లూర్దమ్మ నిలబడి ఉంది. చెయ్యి ఊపడం లేదు, అరవడం లేదు. ఊరికే చూస్తోంది. చిన్నప్ప సూట్‌కేసు మీద కూర్చున్నాడు.

వాళ్ళ ఫోన్లు నా సంచిలో. పర్సులు నా సంచిలో. టికెట్లు నా సంచిలో. నడుం దగ్గర ఆ సంచి ఒక్కసారిగా రోకలికంటే బరువనిపించింది. ఎదుటాయన కంగారుపడకండి, కవుతరంలో ఆగుతుంది అన్నాడు. ఆ తర్వాత "ఆహా" అనడం మానేశాడు.

ఇంతలో సంచిలో లూర్దమ్మ ఫోను మోగింది. తెలియని నంబరు. పరాయి నంబర్లు ఎత్తితే బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోతారని నేనే వీళ్ళిద్దరికీ రోజూ చెబుతుంటాను. కట్ చేశాను. మళ్ళీ మోగింది. కట్ చేశాను. మనిషి కష్టంలో ఉన్నప్పుడే తగులుకుంటారు వెధవలు అనుకున్నాను. మూడోసారి మోగితే నంబరు బ్లాక్ చేశాను. బ్లాక్ చెయ్యడం ఆమధ్యే నేర్చుకున్నాను. ఎదుటాయన చూస్తున్నాడని కాస్త స్టైలుగా చేశాను కూడా.

కవుతరంలో దిగి, ఆటో మాట్లాడుకుని గుడివాడ బయల్దేరాను. రూలు ప్రకారం తప్పిపోయినవాళ్ళు కదలకుండా ఉంటారు, లీడర్ వెళ్ళి తెచ్చుకోవాలి. దారిలో ఎదురుగా ఒక ఆటో దూసుకుంటూ పోయింది. వెనకాల తాడుతో కట్టిన రెండు పెద్ద సూట్‌కేసులు. ఎవరో పాపం పెళ్ళికి వెళుతున్నట్టున్నారు, అంత సామాను ఎందుకో అని మా ఆటో అబ్బాయితో అన్నాను కూడా.

గుడివాడ ప్లాట్‌ఫారం మీద వాళ్ళిద్దరూ లేరు. ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాను. మేము మారాల్సిన భీమవరం రైలు ఇంకా రానేలేదు, ఆలస్యమట. రెండు నిమిషాల్లో పరిగెత్తాలని ఎంత ట్రైనింగ్ ఇచ్చానో! కౌంటరు దగ్గరికి వెళ్ళి, మా ఆవిడా బావమరిదీ తప్పిపోయారు, మైకులో పిలవండి అన్నాను. లోపలాయన ఫోన్ చెయ్యండి అన్నాడు. వాళ్ళ ఫోన్లు నా దగ్గరున్నాయన్నాను. డబ్బులున్నాయా వాళ్ళ దగ్గర అంటే, అవీ నా దగ్గరేనన్నాను. టికెట్లూ నా దగ్గరేనన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "అంటే అన్నీ తీసుకుని మీరు వెళ్ళిపోయారన్నమాట" అన్నాడు.

కాదండీ, జేబుదొంగల భయం అని చెప్పబోయి, చెప్పకుండా ఆగాను. ఆ మాట ఆయన చెవికి ఎట్లా వినిపిస్తుందో నాకే తెలిసింది.

వెనకనుంచి ఎవరో, "మీరేనా ఆ పెద్దాయన?" అన్నారు. చేతిలో క్యారియరుతో భీమవరం రైలు కోసం చూస్తున్న ఒకావిడ. ఏదో ఆఫీసులో ఉద్యోగం లాగుంది. "మీరు కట్ చేసిన ఆ ఫోను నాదండీ. మీ ఆవిడ అడిగితే ఇచ్చాను. ఇప్పుడు నా నంబరు బ్లాకులో ఉంది" అంది. సంచి తెరిచి, ఆవిడ ఎదురుగానే బ్లాక్ తీశాను. ఎట్లా తియ్యాలో ఆవిడే చూపించింది. అది ఇంకా నేర్చుకోలేదు నేను.

ఆవిడ చెబితే అప్పుడు తెలిసింది. మా వాళ్ళు కూడా నా రూలే పాటించారు. తప్పిపోయిన మనిషి తర్వాతి స్టేషన్లో కదలకుండా ఉంటాడు, మనమే వెళ్ళి తెచ్చుకోవాలి అనుకుని, అక్కడ దొరికే మనిషి డబ్బులిస్తాడని చెప్పి ఆటో కట్టించుకుని కవుతరం వెళ్ళారు. ఆ రూలు రాసిన రోజునుంచీ తప్పిపోయేది నేనై ఉండవచ్చని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

నేను మళ్ళీ ఆటో వైపు అడుగేస్తే ఆవిడ అడ్డం వచ్చింది. "మీరు ఇక్కడినుంచి కదలకండి బాబాయిగారూ, మీకు దణ్ణం పెడతాను." ఆటో స్టాండువాళ్ళతో చెప్పి, ఆ డ్రైవరుకి ఫోన్ చేయించి, తన రైలు వస్తే వెళ్ళిపోయింది. బెంచీ మీద కూర్చున్నాను, బడిలో మోకాళ్ళ మీద నిలబెట్టినవాడిలాగా.

ఆటో వచ్చింది. లూర్దమ్మ దిగింది. నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. సంచి విప్పి ఇచ్చాను. దాన్ని తన నడుముకి కట్టుకుని, అందులోంచి డబ్బు తీసి ఆటోకి ఇచ్చింది. చిన్నప్ప సూట్‌కేసులు దించుకుంటూ, "బావగారూ, కవుతరానికి వీసా అక్కర్లేదన్నారండీ" అన్నాడు.

కైకలూరు వెళ్ళలేదు. బస్సులో విజయవాడ వచ్చేశాం. దారిలో కంకిపాడు దగ్గర, నా నంబరుకి చెయ్యకపోయావా అని లూర్దమ్మని అడిగాను.

"మీ నంబరు నాకు నోటికి రాదండీ. ఎప్పుడూ పక్కనే ఉంటారుగా, ఎందుకు అవసరం పడుతుంది? నా నంబరొక్కటే వచ్చు." కిటికీలోంచి చూస్తూ అంది. "రైలు వెళ్ళిపోతే భయం వెయ్యలేదు. మూడుసార్లు కట్ చేశారు చూడండి, అప్పుడేసింది."

ఆ మాటకు నేనిచ్చిన జవాబు, బస్సు టికెట్టు వెనక నా నంబరు రాసి ఆవిడ చేతిలో పెట్టడం. కాలేజీలో డిబేట్లలో ప్రైజులు తెచ్చుకున్నవాణ్ణి.

మర్నాడు ఆదివారం. పూజ అయ్యాక వరండాలో బల్ల వేసుకుని ఇన్నాసమ్మ టీచర్‌గారు పేర్లు రాసుకుంటున్నారు. లూర్దమ్మ తిన్నగా ఆ బల్ల దగ్గరికి వెళ్ళింది. నేను చెప్పుల దగ్గరే ఆగిపోయాను. సరే, అయిపోయింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నాకు కోపం కూడా రాలేదు. ఎవరితో వెళితేనేం, ఆ గుహ చూస్తే చాలు. నేను ఇంట్లో ఉండి గేటుకి తాళం వేసుకుంటాను. అది చేతనవును.

ఇంతలో టీచర్‌గారే నా దగ్గరికి వచ్చారు. "మీ పేరు రాసుకున్నానండీ" అన్నారు.

"నా పేరా? మా ఆవిడదండీ?"

"ఆవిడ ఒక్క పేరే ఇచ్చారు. మీదే."

లూర్దమ్మ వెనకే వచ్చి నిలబడింది. నడుముకి సంచి అట్లాగే ఉంది. "మీ ప్లాను బాగుందండీ. రాత్రి మొత్తం చదివాను, ఎక్కడా తప్పు లేదు. నేనూ తమ్ముడూ దాని ప్రకారం రైళ్ళలో వస్తాం. మీరు టీచర్‌గారితో బస్సులో రండి. లూర్దులో కలుసుకుందాం" అంది.

అంతమందిలో ఏం వాదిస్తాను? అక్కడే నిలబెట్టి, టోపీ కొనడానికి నా తల కొలత తీసుకున్నారు. అందరికీ పసుపు టోపీలట. మెడలో కార్డు కూడా వేస్తారట. నాకు మాత్రం రెండు వేస్తామన్నారు.

ఇప్పుడు రోజూ సాయంత్రం అక్కాతమ్ముళ్ళిద్దరూ మా హాల్లో మ్యాపు పరుచుకుని కూర్చుంటున్నారు. రైళ్ళ గురించి సందేహం వస్తే నన్నే పిలుస్తారు. నేనే చెబుతాను. ఇటలీలోకి వెళ్ళే రైల్లో కుడివైపు కిటికీ తీసుకోండి, దారి పొడవునా సముద్రం కనిపిస్తుంది అని నిన్న నేనే చెప్పాను. నాకు బస్సులో డ్రైవరు వెనక సీటు ఇచ్చారు. అక్కణ్ణుంచి నాకు ఏం కనిపిస్తుందో తెలియదు కానీ, టీచర్‌గారికి మాత్రం నేను బాగా కనిపిస్తానట.