మా చెల్లెలు పాట అందించిన రోజు

మా బర్నెట్ వాగు లోయలో పాటలు కట్టినవాళ్లు చాలామందే ఉన్నారు గాని, ఇంటి వసారాలో పుట్టిన పాటను రాష్ట్ర శాసనసభ మెట్ల దాకా నడిపించినది మా చెల్లెలు డెల్ఫియా ఒక్కతే. అన్నను కాబట్టి పొగుడుతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు. నేను ముప్పై ఏళ్లు బొగ్గు తవ్వాను. ఒకే గది ఉన్న బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను, నోటిలెక్కల్లో నన్ను మించినవాడు ఆ బడిలో లేడు. ఉన్నదానికి ఒక గింజ కలపను, ఒక గింజ తీయను.

పన్నెండేళ్ల వయసులోనే అది మా నాన్న కంచర గాడిద మీద పాట కట్టింది. కౌంటీ సంతలో గిటార్ పోటీకి మగవాళ్ల వరసలో నిలబడి మొదటి బహుమతి నీలం రిబ్బను తెచ్చుకుంది. పెళ్లయ్యాక కూడా మానలేదు. శనివారం పొద్దున్నే మా చిన్న రేడియో స్టేషనులో ఏళ్ల తరబడి పాడింది. దాని గొంతు వినబడితే గాని మా వాళ్లు పొయ్యి మీద నుంచి రొట్టె దించేవాళ్లు కారు. సిన్సినాటి వెళ్లి రికార్డు ఇచ్చి వచ్చింది. ఒకసారి నాష్‌విల్ రికార్డు కంపెనీ నుంచి మెరిసే బూట్ల పెద్దమనిషి వచ్చి, "అమ్మా, పాట బాగుంది. అందులో బొగ్గు తీసేసి కాస్త ప్రేమ పెడితే దేశమంతా వింటుంది" అన్నాడు. "బొగ్గు తీసేస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదు బాబూ, ప్రేమ సంగతి తర్వాత" అని కాఫీ ఇచ్చి పంపేసింది.

దాని మొగుడు లేసీ మంచి హాస్యగాడు. గనిదుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి, పడుకుంటే ఊపిరాడక, కుర్చీలో కూర్చునే నిద్రపోయేవాడు. బొగ్గు కంపెనీ డాక్టరు అది ఉబ్బసమనీ, పొగాకు మానితే పోతుందనీ అన్నాడు. లేసీ జన్మలో పొగాకు ముట్టి ఎరగడు. అప్పుడు హోబర్ట్ సైజ్‌మోర్ వచ్చాడు. హోబర్ట్ కూడా గనిలో పనిచేసినవాడే. దగ్గే ప్రతి మనిషినీ తన ట్రక్కులో ఎక్కించుకుని, కొండలు దాటించి, వేరే ఊరి డాక్టరు దగ్గర రొమ్ముకు ఎక్స్‌రే తీయించేవాడు. ఆ ఫిల్ములు చేతబట్టుకుని మా వాళ్లు పరిహారం అడగడానికి రాజధానిలో శాసనసభ మెట్ల మీద నిలబడ్డ రోజున ముందు నిలబడి పాడింది మా డెల్ఫియా. హోబర్ట్ ఆ రోజు నా పక్కనే ఉన్నాడు.

ఆ మరుసటి శరదృతువులో అతని ట్రక్కు లోయలో తలకిందులుగా దొరికింది, లోపల అతను చనిపోయి ఉన్నాడు. తాగి నడిపాడని కంపెనీ మనుషులు చెప్పుకున్నారు. హోబర్ట్ మజ్జిగ తప్ప మరేదీ తాగేవాడు కాదు. అతని మీద డెల్ఫియా రెండు చరణాల పాట కట్టి రేడియోలో ఒక్కసారి పాడింది. తర్వాతి శనివారం నుంచి ఆ వేళకు వాతావరణ వార్తలు వచ్చాయి. కంపెనీ కాపలా మనిషి క్రిట్ బాల్డెన్ దాని వసారాలోకి వచ్చి, టోపీ అయినా తీయకుండా చెప్పాడు.

"ఏమ్మా డెల్ఫియా, ఈ ఇల్లు ఎవరిదో గుర్తుందిగా?"

"వాన కురిసిన ప్రతిసారీ గుర్తుకొస్తూనే ఉంటుంది క్రిట్. మీ కప్పే కదా కారేది."

"నవ్వులాట కాదు. ఆ హోబర్ట్ పాట ఇంకోసారి నీ నోట విన్నామా, తాళాలు ఇచ్చెయ్యాలి. ఇంతకుముందు ఊరుకున్నాం. ఇక ఊరుకోం."

వేరే ఇల్లంటే కొండ మీద మా ఇల్లు ఒక్కటే. మా తాత ఆ నేల కంపెనీకి అమ్మలేదు. కాని అక్కడికి బండి దారి లేదు, నిట్టనిలువు కాలిబాట. లేసీని ఆ ఎత్తు ఎక్కిస్తే దారిలోనే ప్రాణం పోతుందని ఎక్స్‌రే తీసిన డాక్టరు ముందే చెప్పాడు. అందుచేత డెల్ఫియా గిటార్‌ను మంచం కిందికి తోసేసింది.

ఏడాది తిరిగింది. చనిపోయినవాళ్ల కోసం మా చర్చిలో ఏటా స్మారక కూటం జరుగుతుంది. హోబర్ట్ కూటానికి ముందు అతని భార్య ఓవా మా చెల్లెలి దగ్గరికి వచ్చింది. ఎండబెట్టే చిక్కుళ్లు దారానికి గుచ్చుతూ చాలాసేపు కూర్చుంది.

"తాగి చచ్చాడంటున్నారే డెల్ఫియా. నా పిల్లలు బడిలో ఆ మాట వింటున్నారు. తాగలేదని పదిమందిలో ఒక్కసారి వినబడాలి. అది నీ పాటలో ఉంటేనే నిలుస్తుంది. ఊళ్లో మాటలు నిలవవు."

"వదినా, లేసీని చూడు."

"చూస్తున్నాను. అందుకే అడగలేక ఇంతసేపు కూర్చున్నాను."

కుర్చీలోంచి లేసీ అన్నాడు: "నన్ను చూసి పాట ఆపితే, నేను పాటకు అడ్డమొచ్చిన మనిషినవుతా. ఆ చెడ్డపేరు నాకొద్దు. కట్టవే."

మా చర్చిలో వాయిద్యాలు ఉండవు. పుస్తకాలూ పంచరు. ఒక పెద్దాయన నిలబడి ఒక పంక్తి గబగబా అందిస్తాడు, సభంతా ఆ పంక్తిని నెమ్మదిగా, సాగదీసి పాడుతుంది. ఆ తర్వాత రెండో పంక్తి. మాటలు తెలిసేది అందించేవాడికే. మిగతావాళ్లు విన్నది పాడతారు. మా చెల్లెలికి దారి అక్కడ కనబడింది. అలా అందించే షేడ్ తాత ఎనభై దాటినవాడు, సొంత పొలంలో ఉండేవాడు, కంపెనీ ఆయన్ని ఏమీ చేయగలిగేది కాదు. ఆయన అందిస్తే, పాడేది సభంతా. సభంతటినీ ఏ ఇంట్లోంచి వెళ్లగొడతారు? డెల్ఫియా ఒక్కతే నోరు మూసుకుని కూర్చోవాలి. అంతే.

మూడో చరణం కొత్తగా కట్టి, పాటనంతా చర్చి రాగంలోకి మార్చి, తన వంటింట్లో షేడ్ తాతకు నేర్పింది. నేను వసారాలో దారి చూస్తూ కాపలా కూర్చున్నాను. ఇద్దరి మధ్యే ఉండాలని నాకు కూడా వినిపించలేదు. "తాతా, మర్చిపోతావా?" అని అది మళ్లీ మళ్లీ అడగడం మాత్రం వినబడింది. "నువ్వు పుట్టకముందు నుంచీ అందిస్తున్నానే పిల్లా, నన్నా అడిగేది?" అని ఆయన కసిరాడు.

కూటం రోజు క్రిట్ బాల్డెన్ వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. చర్చికి ఏనాడూ రానివాడు. అతని చూపు బోధకుడి మీద లేదు. ఆడవాళ్ల వైపు, మూడో బల్ల మీద, మా చెల్లెలి పెదవుల మీదే ఉంది. లేసీ ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు. తిరిగి వెళ్లాక ఆ ఇంట్లో ఉండనిస్తారో లేదో.

షేడ్ తాత లేచాడు.

"ఊపిరి అమ్మిన మనుషుల కోసం ఊరూరూ తిరిగినవాడు…"

సభ ఎత్తుకుంది. కొండవాగు పొంగినట్టు నెమ్మదిగా, బరువుగా. డెల్ఫియా పెదవులు బిగించి, ఒళ్లోని చేతిరుమాలును మెలి పెడుతోంది. మొదటి చరణం అయింది. రెండోది అయింది. ఓవా కళ్లు మూసుకుని ఊగుతోంది. క్రిట్ ముందుకు వంగాడు, దొరికినదేమీ లేదు. నాకు ఊపిరి కాస్త తిరిగింది.

మూడో చరణం. షేడ్ తాత తల ఎత్తి అందించాడు.

"జారి పడినా నా అడుగు, పట్టిన చేయి ఉంది…"

అది మా అమ్మల నాటి పాత కీర్తన. మా పాటలన్నీ ఇంచుమించు ఒకే కొలతలో ఉంటాయి. ఒకదానిలోంచి ఇంకోదానిలోకి జారిపోవడం మాలో అందించేవాళ్లకు తరచూ జరిగే పొరపాటు. రాగం ఆగదు కాబట్టి ఎవరికీ తెలియదు. సభ ఆ పంక్తిని భక్తిగా పాడింది. మా డెల్ఫియా ముఖం పాలిపోయింది. నాకు అప్పుడు అర్థమైంది, దారి తప్పిందని. షేడ్ తాత సంతోషంగా ఆ కీర్తనలోని రెండో పంక్తి అందించాడు. అదీ పాడారు. ఓవా కళ్లు తెరిచి మా చెల్లెలి వైపు చూసింది.

ఆ మాటలు ఇద్దరికే తెలుసు. ఒకరు మర్చిపోయారు.

సభ రెండో పంక్తి చివరి అక్షరాన్ని సాగదీస్తూ ఉంది. అది ఆగేలోగా ఎవరో ఒకరు అందించాలి. డెల్ఫియా నా వైపు తిరిగింది. నేను తల అడ్డంగా ఊపానో, నిలువుగా ఊపానో నాకే తెలియదు. అది లేచి నిలబడింది.

"జారి పడలేదు హోబర్ట్ బండి, తోసిన చేతులు ఉన్నాయి!"

మా చర్చిలో ఆడది పాట అందించడం మా తాతల నాటి నుంచి ఎవరూ ఎరగరు. వేదిక మీద ఉన్న బోధకుడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఎవరూ ఎత్తుకోకపోతే ఆ పంక్తి దాని ఒక్కదానిదే అయిపోతుంది, ఇల్లూ పోతుంది, పాటా పోతుంది. అప్పుడు ఓవా ఎత్తుకుంది. బొంగురు గొంతు, శ్రుతి లేదు. వెంటనే షేడ్ తాత. "ఇదేనే, ఇదే!" అని తొడ చరుచుకుని మరీ అందుకున్నాడు. ఆ తర్వాత సభంతా.

డెల్ఫియా రెండో పంక్తి అందించింది.

"మజ్జిగ తప్ప తాగనివాణ్ణి మట్టిలో కలిపినవారెవరు?"

క్రిట్ లేచి చర్చి లోపలే టోపీ పెట్టుకుని బయటికి పోయాడు.

సాయంత్రానికే కంపెనీ మనుషులు ఇద్దరు డెల్ఫియా ఇంటికి వచ్చారు. మంచాలు, కుండలు, గిటార్ అన్నీ దారి మీద పెట్టారు. లేసీ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మొహమాటపడకండయ్యా, నేను కూడా మీ సామానే. మీ దుమ్మే లోపల నిండి ఉంది" అన్నాడు లేసీ.

వాళ్లను ముట్టనివ్వలేదు. మా చర్చి మగవాళ్లం కుర్చీకి రెండు కర్రలు కట్టి భుజానికెత్తుకున్నాం. ఆ కాలిబాటలో ప్రతి మలుపులోనూ దించాం. దించినప్పుడల్లా డెల్ఫియా అతని ఛాతీ మీద చెవి ఆనించేది. మేమంతా మా ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లం. పెద్ద బండ దగ్గర అతని ఊపిరిలోని ఈల శబ్దం ఆగిపోయింది. డెల్ఫియా అతని భుజాలు పట్టుకుని ఊపింది.

"లేసీ! పలకవయ్యా!"

ఎంతసేపటికో ఈల మళ్లీ మొదలైంది.

"ఊపకే. లోపల బొగ్గు కదులుతోంది."

మా వసారాలో దించేసరికి అతని పెదాలు నీలంగా ఉన్నాయి. నా భార్య మజ్జిగ తెచ్చింది. తాగలేకపోయాడు. డెల్ఫియా కింద కూర్చుని అతని మోకాలి మీద చెయ్యి వేసి, "నీకు నేనే ఈ గతి పట్టించాను" అంది.

"సరే గాని, వాళ్లు ఎత్తుకున్నారా?"

"ఎత్తుకున్నారు."

"అందరూనా?"

"అందరూ."

"బోధకుడు కూడా?"

"ఆఖరి పంక్తికి."

లేసీ నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. ఆ దగ్గు తెగేదాకా మోసుకొచ్చిన మాలో ఎవరూ కూర్చోలేదు.