పెద్దమ్మ గడ్డి, అమ్మ బఠాణీ

ఓర్వలేనితనం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే మా పెద్దమ్మను చూపిస్తాను. ఆవిడ కడుపుమంటంతా సొంత చెల్లెలి మీదే, అంటే మా అమ్మ మీద. ఇద్దరూ ఒక్క కడుపున పుట్టారు, ఒక్క చోటే పనిచేస్తారు. మొక్కల పరిశోధనశాలలో ప్రయోగాల కోసం పేనుబంకను పెంచడం వాళ్ళ ఉద్యోగం. రైతులు తిట్టుకుంటూ చంపే ఆ పచ్చటి పురుగునే వీళ్ళు జీతం తీసుకుని మరీ సాకుతారు. పెద్దమ్మ గదిలో అది పశువులకు మేతగా వేసే లూసర్న్ గడ్డి మీద పెరుగుతుంది, అమ్మ గదిలో బఠాణీ మొక్కల మీద. అమ్మకు ఈ పని నేర్పింది పెద్దమ్మే.

రెండు గదులకూ కలిపి ఒక సూపర్‌వైజరును వేస్తామని వాళ్ళ పై అధికారి మేడమ్ చెప్పింది. ఆ కుర్చీ తనదేనని పెద్దమ్మ ధీమా. తీరా చూస్తే అమ్మ బఠాణీ తీగల మీద పురుగు ఇసుక వేస్తే రాలనంతగా కమ్ముకుంది, పెద్దమ్మ గడ్డి మీద పలచబడింది. మేడమ్ అమ్మను మెచ్చుకున్న రోజు పెద్దమ్మ అన్నం ముట్టలేదు.

మరునాడు అమ్మ భోజనానికి వెళ్ళగానే ఆవిడ బఠాణీ గదిలో దూరింది. ఒక గది పురుగు ఇంకో గదికి దాటకూడదన్నది అక్కడి మొదటి నియమం. కొత్తవాళ్ళకు దాన్ని వల్లెవేయించేదీ ఆవిడే. తడి కుంచెతో అమ్మ పురుగుల్ని ఎత్తి తెచ్చి తన గడ్డి మీద వదిలింది. ఒకే జాతి, చూడ్డానికి తేడా లేదు, ఏ ఆకైతేనేం అనుకుంది.

అవి ఆ గడ్డి తినలేదు. తరతరాలుగా బఠాణీ రసానికి అలవాటుపడ్డ వంశం మరి. కాసేపు మూతి పెట్టి చూసి, ఆకు దిగి, మొక్కల చుట్టూ ఉండే పంజరం గుడ్డ మీద తిరిగి తిరిగి ఎండిపోయాయి.

"ఇవెక్కడివి?" అని మేడమ్ ఇద్దర్నీ పిలిచి, చచ్చిన పురుగుల్ని చూపించింది.

అమ్మ వంగి చూసింది. చచ్చినవాటిలో ఒక్కదాని కాలూ విరగలేదు. ఆకులో గుచ్చిన మూతిని పురుగే వెనక్కి తీసుకునేదాకా కుంచెతో గిలిగింతలు పెట్టి, ఓపిగ్గా ఎత్తేవాళ్ళు అక్కడ ఇద్దరే: అమ్మ, ఆమెకు అది నేర్పిన పెద్దమ్మ.

"పొరపాటు నాదే మేడమ్. కోటు మార్చకుండా ఇటొచ్చాను. నాతో వచ్చేసుంటాయి," అంది.

కుర్చీ పెద్దమ్మకు దక్కింది. ఆ సాయంత్రం ఆవిడ మా గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఎందుకే అబద్ధం చెప్పావు? నీకు ఆ ఉద్యోగం అక్కర్లేదా?"

"ఎందుకక్కర్లేదు? కానీ నువ్వు నా అక్కవి."

పెద్దమ్మ మొహం మాడిపోయింది.

"చివరికి మంచిదాననిపించుకోవడంలో కూడా నువ్వే ముందుండాలా?"